మన చేతి పనికి మన పేరు

(సొంతంగా పనులు చేసుకుంటున్న స్త్రీలు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసి రామచంద్రపురంలో జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న మనం పరిచయాలు చేసుకున్నాం. పేరు, ఊరు, చేస్తున్న పని చెప్పమన్నాం. ఒకావిడ లేచి పేరు చెప్పి, "నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అని కూర్చోబోయారు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. "అదేంటి పిన్నీ, మా అక్క పెళ్ళి జాకెట్లన్నీ కుట్టింది నువ్వే కదా" అంది. అందరం నవ్వాం. ఆవిడా నవ్వి, "అవి ఖాళీగా ఉన్నప్పుడు కుట్టినవిలే" అన్నారు. 

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిణ్ణి అడిగాను, ఆ ఖాళీ ఎప్పుడు దొరుకుతుందని. పిల్లల్ని బడికి పంపి వంట ముగించాక రెండు గంటలు, రాత్రి అందరూ పడుకున్నాక మరో మూడు గంటలు అన్నారు. అంటే రోజుకి అయిదు గంటలు. మగ్గం వర్కు ఉన్న జాకెట్టయితే ఒక్కదానికే నాలుగైదు రోజులు. దీన్ని ఆవిడ ఖాళీ అంటున్నారు. ఇదే పనిని బజారులో కొట్టు పెట్టుకుని ఒక మగవాడు చేస్తే అతన్ని టైలరు అంటాం. అతని కొట్టుకి బోర్డుంటుంది. బోర్డు మీద అతని పేరుంటుంది.

ఈ సమావేశానికి యువ మిత్రులు నాకిచ్చిన అంశం "ఫ్రీలాన్సర్‌గా పర్సనల్ బ్రాండ్ ఏర్పరుచుకోవడం". నిజం చెప్పాలంటే మొదట నాకది నచ్చలేదు. మనిషేమైనా సబ్బు బిళ్ళా, బ్రాండు వెయ్యడానికి అనిపించింది. ఇంగ్లీషులో ఆ మాటకి మూలం కాల్చడం. పశువు ఫలానా వాడిదని తెలియడానికి ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసే గుర్తు అది. మన ఊళ్ళలోనూ దేవుడికి వదిలిన ఆంబోతుకి అచ్చు వేసేవారు. పశువుకి అచ్చు వేసేవాడు వేరు, ఆ వాత భరించేది వేరు. మన పని సంగతి కూడా చాలా కాలంగా ఇలాగే ఉంది. పని మనది, దాని మీద అచ్చు ఇంకొకరిది.

అందుకే ఈ అంశాన్ని నేను అమ్మకాల చిట్కాగా చూడడం లేదు. మన చేతి పనికి మన పేరు ఉండడం హక్కుల సమస్య అనుకుంటున్నాను. దాన్ని మన గోదావరి జిల్లాల నుంచే మొదలుపెడతాను.

"తీరిక సమయం" అనే అబద్ధం

నర్సాపురం లేసు గురించి మీ అందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీ స్త్రీలు ఇక్కడి పేద ఆడపిల్లలకి సూదీ దారంతో లేసు అల్లడం నేర్పారు. క్రమంగా అది డెల్టా గ్రామాలలో అనేక కులాల ఇళ్ళలోకి వెళ్ళింది. టేబుల్ క్లాతులు, దిండు గలీబులు, పిల్లల టోపీలు యూరప్‌కి, అమెరికాకి ఎగుమతి అయ్యాయి.

1970ల చివర్లో జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికి వచ్చి ఈ స్త్రీల జీవితాలను పరిశీలించారు. ఆమె పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. ఇంట్లో కూర్చుని రోజంతా అల్లిన స్త్రీకి రూపాయి కూడా రావడం లేదని ఆమె లెక్క తేల్చారు. పొలం పనికి ఆడవాళ్ళకి ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలికన్నా అది ఎంతో తక్కువ. ఈ సరుకు అమ్మి మేడలు కట్టిన ఎగుమతిదారులు మాత్రం ఉన్నారు.

ఇంత తక్కువ కూలి ఎలా సాధ్యమైంది? మీస్ చెప్పిన కారణం మనం ఎప్పుడూ గుర్తుంచుకోవలసింది. వీళ్ళు కార్మికులు కారు, గృహిణులు. లేసు వాళ్ళు తీరిక సమయంలో చేసుకునే పని అని అందరూ నమ్మారు. వ్యాపారి నమ్మాడు, అది అతనికి లాభం. భర్త నమ్మాడు, అది అతనికి పరువు. ఆఖరికి ఆ స్త్రీలూ నమ్మారు. గడప దాటకుండా ఉండడం గొప్ప అనుకునే కులాల స్త్రీలకి, తాము కూలి చేస్తున్నామని ఒప్పుకోవడమే నామోషీ. పొలానికి వెళ్ళే దళిత స్త్రీ తాను కూలీనని చెప్పుకుంది, కూలి రేటు అడిగింది. పరదా చాటున అల్లే స్త్రీ అడగలేకపోయింది. ఆ "గృహిణి" అనే మాట ఆమె కూలిని దిగ్గోసింది.

రెండో కారణం పని ముక్కలు కావడం. ఒకరు పువ్వులు అల్లుతారు. ఇంకొకరు అతుకు పని చేస్తారు. మరొకరు ఉతికి ఇస్త్రీ చేస్తారు. మధ్యలో దారం ఇచ్చి సరుకు తీసుకువెళ్ళే ఏజెంటు. పువ్వు అల్లిన స్త్రీకి ఆ టేబుల్ క్లాతు పూర్తయ్యాక ఎలా ఉంటుందో తెలియదు. ఎవరు కొన్నారో, ఎంతకి కొన్నారో తెలియదు. కొన్నవాళ్ళకి ఈవిడ ఉన్నట్టే తెలియదు.

ఫ్రీలాన్సర్లకి పేరెందుకు అని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. కొనేవారికి నువ్వెవరో తెలియకపోతే, కొనేవారెవరో నీకు తెలియకపోతే, ధర నిర్ణయించేది మధ్యలో ఉన్నవాడే.

పూతరేకు చుట్టిన పెట్టె

ఇది పాత కథ అనుకోవద్దు. ఆత్రేయపురం మనకి ఎంతో దూరం లేదు. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే క్షణంలో రేకు వస్తుంది. చూస్తే చాలా తేలిక. చేతికి రావడానికి నెలలు పడుతుంది. పొద్దుటి నుంచి ఆ సెగ ముందు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే. రేకులు లెక్కన అమ్ముతారు. దుకాణం వాళ్ళు వాటిలో నెయ్యి, పంచదారో బెల్లమో, జీడిపప్పో వేసి చుట్టి పెట్టెలో పెడతారు. పెట్టె మీద దుకాణం పేరుంటుంది. ఆ రేకు తీసిన చెయ్యి ఎవరిదో పెట్టె చెప్పదు.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ. వచ్చింది. నర్సాపురం లేసుకి 2024లో వచ్చింది. అంతకు చాలా ముందే, 2009లో, ఉప్పాడ జమ్దానీ చీరలకి వచ్చింది. మంచిదే. చైనాలో యంత్రం మీద నేసిన లేసుని నర్సాపురం లేసు అని అమ్మడానికి వీల్లేకుండా ఈ చట్టం పనికొస్తుంది. కానీ గుర్తింపు వచ్చిన మర్నాడు రేకు తీసే స్త్రీకి రేటు పెరిగిందా అని అడగవలసిన బాధ్యత మనది.

జి.ఐ. అనేది ఇంటిపేరు లాంటిది. ఆ ఊరి వాళ్ళందరిదీ. ఏ ఒక్కరూ "ఆత్రేయపురం పూతరేకులు" అనే పేరు తమ సొంతమని అనలేరు. అయితే ఆ ఇంటిపేరు వాడుకోవాలంటే చట్టప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. దుకాణాల వాళ్ళు, సొసైటీల వాళ్ళు అవుతున్నారు. ఆ వస్తువు తయారుచేసే ఏ స్త్రీ అయినా కావచ్చు. ఈ దరఖాస్తు రుసుముని 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకి తగ్గించారు. పది రూపాయల సంగతి ఎంతమంది లేసు కార్మికులకి తెలుసు? ఇక్కడున్న కార్యకర్తలు తమ ఊళ్ళలో కనుక్కోవాలి. 

ఇంటిపేరు ఒక్కటే ఉంటే చాలదు. మన సామెత ఉండనే ఉంది: ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. ఊరి పేరు చూసి మొదటిసారి కొంటారు. రెండోసారి కొనేది చేసిన మనిషిని బట్టి. అందుకే ఇంటిపేరుతో పాటు సొంత పేరు కావాలి.

ఏ ఇంటిపేరు?

ఇక్కడ మనకి మగవాళ్ళకి లేని చిక్కు ఒకటుంది. మగవాడు ఇరవయ్యో ఏట ఏ పేరుతో పని మొదలుపెడితే అరవయ్యో ఏట అదే పేరుతో ఉంటాడు. ఆడపిల్ల పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరుతో చదువుకుంటుంది, పెళ్ళయ్యాక ఇంకొకటి. సర్టిఫికెట్లలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి. పుట్టింటి ఊళ్ళో ఆమె కుట్టు బాగుంటుందని పది ఇళ్ళలో చెప్పుకునేవారు. మెట్టినింటి ఊళ్ళో "ఫలానా వాళ్ళ కోడలు". మళ్ళీ మొదటి నుంచి.

పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. మార్చుకోవడం, మానడం మీ ఇష్టం. పనికి వాడే పేరు మాత్రం ఒకటే ఉంచుకోండి. దాన్ని పెళ్ళికీ, విడాకులకీ, వైధవ్యానికీ వదలొద్దు. 1880లో ఇక్కడికి దగ్గర్లోని ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారిని తలుచుకోండి. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆ రోజుల్లో అటువంటి స్త్రీ నలుగురిలోకి రావడమే తప్పు. ఆమె ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది, సహాయ నిరాకరణోద్యమంలో 1922లో జైలుకి వెళ్ళింది. నూరేళ్ళ తర్వాత కూడా ఆమెని మనం ఎవరి భార్యగానో తలుచుకోవడం లేదు. ఆమె మాటే ఆమె పేరు నిలబెట్టింది.

నాకు తగిలిన దెబ్బ

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నేను చాలా ఏళ్ళుగా అనువాదాలు, రిపోర్టులు రాసి బతుకుతున్నాను. మొదట్లో ఒక సంస్థ కోసం మూడు నెలలు గ్రామాలు తిరిగి, స్త్రీలతో మాట్లాడి రిపోర్టు రాశాను. అచ్చయ్యాక చూస్తే అట్ట మీద సంస్థ పేరు, లోపల డైరెక్టర్‌గారి ముందుమాట, చివర "స్థానికంగా సహకరించిన మహిళలకు కృతజ్ఞతలు" అని ఒక వాక్యం. ఆ స్థానిక మహిళని నేనే. అప్పుడు బాధ పడ్డానేగాని అడగలేదు. డబ్బిచ్చారు కదా అనుకున్నాను.

మరుసటి ఏడాది ఇంకోచోట పనికి వెళితే, ఇంతకుముందు మీరు రాసినవి చూపించండి అన్నారు. ఆ రిపోర్టు చూపించాను. "ఇది మీరే రాశారని రుజువేమిటి?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఆ పని రాలేదు. పేరు లేకపోవడం వల్ల పోయింది ఒక్క మర్యాదే కాదని, తర్వాతి పని కూడా పోయిందని అప్పుడు అర్థమైంది.

నాకు అప్పట్లో తెలియని సంగతి ఒకటుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, జీతానికి ఉద్యోగం చేస్తూ రాస్తే హక్కు యజమానిది. కానీ ఉద్యోగి కాకుండా విడిగా పని తీసుకుని రాస్తే, కాగితం మీద హక్కు రాసి ఇవ్వనంతవరకు అది రాసినవారిదే. హక్కు రాసి ఇచ్చినా, "ఇది నేను రాశాను" అని చెప్పుకునే హక్కు రాసిన మనిషికి ఉంటుందని 57వ సెక్షను చెబుతోంది. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల వంటి కొన్నింటికి మాత్రం నియమం వేరు, వాటికి ముందే ఒప్పందం రాసుకోవాలి.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు కోపగించుకోవద్దు. మన సంస్థలు అచ్చువేసిన సర్వేల్లో, ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించిన అమ్మాయిల పేర్లు ఎన్నింటిలో ఉన్నాయి? శిక్షణ పుస్తకంలో బొమ్మలు వేసిన అమ్మాయి పేరు వేశామా? ఎగ్జిబిషన్‌లో మన స్టాలు మీద "గ్రామీణ మహిళలు తయారుచేసినవి" అని రాస్తాం. ఎవరా గ్రామీణ మహిళలు? ఎగుమతిదారుని తప్పు పట్టే ముందు మన ఇల్లు మనం ఊడ్చుకోవాలి.

పేరు ఎలా నిలుస్తుంది

ఇక చెయ్యవలసిన పనులు. ఇవి నేను పుస్తకాల్లో చదివినవి కావు, చాలావరకు దెబ్బలు తిని నేర్చుకున్నవి.

మొదటిది, చేస్తున్న పని పేరు పైకి చెప్పడం. "ఇంట్లో ఉంటాను" అనకుండా "జాకెట్లు కుడతాను, పెళ్ళి జాకెట్లకి మగ్గం వర్కు నా ప్రత్యేకత" అనాలి. ఏది బాగా వచ్చో అది చెప్పాలి. అన్నీ చేస్తానంటే జనానికి ఏదీ గుర్తుండదు. "సున్నుండలకి ఆవిడ దగ్గరికే వెళ్ళాలి" అని ఊళ్ళో అనుకుంటే అదే మీ బ్రాండు. ప్రభుత్వ కాగితాల్లో కూడా ఇంతే. 2021లో మొదలైన ఈ-శ్రమ్ నమోదులో వృత్తి అడిగినచోట మీ పని పేరే రాయించండి. 

రెండోది, లెక్క. నెల రోజులు ఒక నోటు పుస్తకంలో రోజూ ఎన్ని గంటలు పని చేశారో, దారం, జరీ, కరెంటు, ఆటో ఖర్చు ఎంతయిందో రాయండి. చాలామంది సరుకు ఖర్చు మాత్రమే లెక్కేసి, తమ చేతిని ఉచితంగా ఇచ్చేస్తున్నారు. వచ్చిన డబ్బులో ఖర్చులు తీసేసి గంటలతో భాగిస్తే మీ గంట ధర తెలుస్తుంది. అది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళని నేను చూశాను. అయినా చూడాలి. చూడకుండా రేటు అడగలేం.

మూడోది, పేరు, ఫోను, బ్యాంకు ఖాతా మూడూ మీవే కావాలి. పని మీది, ఫోను మీ ఆయనది, డబ్బు పడేది మరిది ఖాతాలో అయితే ఆ పేరు మీది కాదు. ఇది ఇంట్లో గొడవ తెచ్చే మాటే. నాకు తెలుసు. అయినా సంఘాల్లో మనం చాలా గొడవలు దాటాం, ఇదీ దాటాలి.

నాలుగోది, రుజువులు. చేసిన ప్రతి మంచి పనికీ ఇచ్చే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. పని మీద మీ గుర్తు ఉండనివ్వండి. జాకెట్టు లోపల చిన్న పట్టీ, పచ్చడి సీసాకి చీటీ, లేసు మూలలో ఒక చిన్న పువ్వు. ఆహార పదార్థాలు చేసేవారు ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. రిజిస్ట్రేషన్ చేయించుకోవడం తప్పనిసరి, ఆ నంబరు చీటీ మీద ఉండాలి. పేరు బాగా నిలదొక్కుకుంటే 1999 ట్రేడ్‌మార్కుల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. పదేళ్ళు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. మొదటి రోజే దీనికి డబ్బు పొయ్యనక్కర్లేదు. పేరు ముందు, ముద్ర తర్వాత.

అయిదోది, కాగితం. ఏం పని, ఎంత, ఎప్పటికి, డబ్బు ఎప్పుడు, పేరు వేస్తారా లేదా. ఈ అయిదు సంగతులూ పని ఒప్పుకునే ముందు రాసి పంపండి. ఫోనులో మెసేజి అయినా సరే, "ఒప్పుకున్నాం" అనే జవాబు వచ్చాకే సూది పట్టండి. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు ఉచితం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, నమోదైన ఉత్పత్తిదారుకి, సేవలందించేవారికి కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించడానికి వీల్లేదు. మించితే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు వినడానికి ఫెసిలిటేషన్ కౌన్సిళ్ళున్నాయి. పని ఇచ్చే ముందే నమోదై ఉండాలన్నది గుర్తుంచుకోండి.

ఆరోది, కాదనడం. "ఈసారికి ఊరికే చేసి పెట్టు, పేరొస్తుంది" అని మనతో అనేవాళ్ళు చాలామంది. ఊరికే చేసినదానితో వచ్చే పేరు "ఊరికే చేస్తుంది" అనే. చుట్టాలకి తగ్గించి ఇవ్వాలనుకుంటే అసలు రేటు చీటీ మీద రాసి, తగ్గించింది పక్కన రాయండి. ఇచ్చింది కానుక అని వాళ్ళకీ తెలియాలి, మీకూ తెలియాలి.

ఏడోది, భద్రత. పేరు పదిమందికి తెలిస్తే ఫోను నంబరూ తెలుస్తుంది. అర్ధరాత్రి మెసేజీలు, కొలతల పేరుతో వెకిలి మాటలు మనలో చాలామందికి అనుభవమే. పనికి వేరే నంబరు పెట్టుకోండి. ఇంటి చిరునామా అందరికీ ఇవ్వొద్దు. కొత్తవాళ్ళ ఇళ్ళకి ఒంటరిగా వెళ్ళకండి. డబ్బు మనకి రావడానికి మనం పిన్ నొక్కవలసిన పని ఎప్పుడూ ఉండదు, అడిగాడంటే మోసమే. మోసపోతే వెంటనే 1930కి, వేధింపులకి 181కి ఫోన్ చెయ్యండి. 2013 చట్టం కింద, పదిమందికన్నా తక్కువ పనిచేసే చోట్ల జరిగే లైంగిక వేధింపుల మీద జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఇలాంటివి జరుగుతాయని భయపడి పేరు దాచుకుంటే, వేధించినవాడు బజారులో ఉంటాడు, మనం మళ్ళీ ఇంట్లో ఉంటాం.

ఒంటరి పేరుకి హద్దులు

ఇంతవరకూ చెప్పినదానిలో ఒక ప్రమాదం ఉంది. దాన్ని దాచను. ఈ బ్రాండు చదువులు చెప్పేవాళ్ళు, "నీ బతుకు నీ చేతిలోనే ఉంది, పైకి రాలేదంటే నీ తప్పే" అంటారు. ఇది నిజం కాదు. స్మార్టు ఫోను లేని స్త్రీ, బ్యాంకు మెట్లెక్కనివ్వని ఇంట్లో ఉన్న స్త్రీ, ఏజెంటు దగ్గర అప్పు తీసుకుని ఆ అప్పు కింద అల్లుతున్న స్త్రీ తన బ్రాండు ఎలా పెంచుకుంటుంది? వంటకి పేరుపొందిన దళిత స్త్రీ తన పేరు, పేట చీటీ మీద రాస్తే కొనడం మానేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. పేరు ఆమెకి ఆస్తి కావలసింది పోయి అడ్డంకి అవుతోంది. ఇది ఆమె పనితనంలో లోపం కాదు. దీనికి మందు మంచి ఫోటో కాదు.

ఇంకొకటి. ఒక వీధిలో అయిదుగురు కుట్టేవాళ్ళు అయిదు బ్రాండులై, ఒకరిమీద ఒకరు రేటు తగ్గించుకుంటూ పోతే లాభం ఎవరికి? అందుకని పేర్లు వేరువేరుగా ఉన్నా రేటు దగ్గర అందరం ఒక్కటిగా ఉండాలి. వీధిలో అయిదుగురూ కూర్చుని "ఇంతకన్నా తక్కువకి ఎవరం కుట్టం" అని ఒక మాట అనుకోవాలి. 

ఉమ్మడి పేరుతో నిలబడినవాళ్ళూ ఉన్నారు. 1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడమీద అప్పడాలు చెయ్యడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్. అక్కడ అప్పడం ఒత్తే స్త్రీ కూలీ కాదు, సభ్యురాలు, యజమాని. 1972లో ఇలా భట్ అహ్మదాబాదులో స్థాపించిన సేవ సంఘం, ఇంట్లో పనిచేసే స్త్రీలనీ వీధి వ్యాపారులనీ కార్మికులుగా గుర్తించమని పోరాడింది. అలాంటి పోరాటాల ఫలితంగానే 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి వద్ద పని మీద 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో ఇంటి వద్ద పనిచేసే కార్మికులు, గిగ్ కార్మికులు అనే మాటలు చేరాయి. మాట చేరింది, సంతోషం. ఆ మాట కింద మనకేం వస్తుందో అడిగి రాబట్టుకోవడం మిగిలి ఉంది. అడగాలంటే ముందు మనం కార్మికులమని మనం ఒప్పుకోవాలి. పొద్దున్న "నేనేం చెయ్యను" అన్నవాళ్ళం రేపు అర్జీలో ఏమని రాస్తాం?

అందుకే పేరుతో మొదలుపెట్టమంటున్నాను. పేరు ఒక్కటే చాలదు. కానీ పేరు లేకుండా రేటు అడగలేం, బాకీ అడగలేం, పింఛనూ అడగలేం.

మనం విడిపోయే ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరికీ తెల్ల కాగితాలు ఇస్తున్నారు. దాని మీద మీ పేరు, మీ పని, మీ గంట ధర రాయండి. రాయడం రానివాళ్ళు పక్కవాళ్ళతో రాయించుకోండి, సిగ్గుపడవలసిందేమీ లేదు. గంట ధర తెలియకపోతే ఆ చోటు ఖాళీగా వదలండి, వచ్చే నెల లెక్క చూసుకుని నింపుదాం. పొద్దున్న "ఏం చెయ్యను" అన్న అక్క కాగితం నేను ఇందాకే చూశాను. పేరు రాశారు. దాని కింద "టైలరు" అని రాశారు. ముందు "ఖాళీ టైములో" అని కూడా రాసి, తర్వాత దాన్ని కొట్టేశారు. ఆ కొట్టివేత ఈ రోజు మన సమావేశం సాధించిన ఫలితం అనుకుంటున్నాను.

సెలవు.